రోజమ్మ పేరు మీద ఏడు కిటికీలు

హలో… ఆ, నేనేనండీ. జెస్లిన్‌ని… రోజమ్మ గారమ్మాయిని… ఇది నా నంబరే, మీ ఫోన్లో ఉండదు… వందనాలు అంకుల్.

లేదు, అమ్మ ఇవ్వమనలేదు. నేనే చేశాను… ఒక్క నిమిషం. మీరేమీ అనకముందే ఇది చదివేస్తాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

మే నెల పద్నాలుగు, శనివారం. ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు. కృపాదానం అంకుల్… అంటే మీరు. పుష్పలీల ఆంటీ. మీ అబ్బాయి ఎడ్విన్ అన్న. ఎడ్విన్ అన్న రూమ్మేట్ అచ్యుత్. నేను…

అంతేనండీ. ఐదుగురం.

లేదు, మర్చిపోలేదు. అమ్మ లేదు. అమ్మకి నర్సింగ్ హోమ్‌లో లాంగ్ డే. పొద్దున ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆ వారం డ్యూటీల రోటా ఇప్పటికీ ఫ్రిజ్ మీదే అంటించి ఉంది…

ఎందుకంటే… మీకు తెలుసు ఎందుకో.

తెలీదా?

సరే, చెప్తాను. మొన్న శుక్రవారం కౌన్సిల్ నుంచి అమ్మకి కవరొచ్చింది. అమ్మకొచ్చే ఉత్తరాలు నేనే విప్పుతాను… అందులో ఏముందంటే, రోజమ్మ గారు తను ఉంటున్న కాటేజీకి ఏడు కిటికీలు మార్చుకున్నారు, దానికి ఇప్పుడు అనుమతి ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నారు, అది అందింది. కానీ అది రెండొందల యేళ్ళ నాటి లిస్టెడ్ ఇల్లు, అంటే ప్రభుత్వం కాపాడే పాత ఇళ్ళ జాబితాలో ఉన్నది. అనుమతి రాకముందే పని చేసెయ్యడం నేరం. కాబట్టి పదకొండో తారీకు, సోమవారం, ఉదయం పదకొండింటికి ఆఫీసర్ గారు వచ్చి ఆవిడ వాంగ్మూలం తీసుకుంటారు…

సోమవారం అంటే రేపే అంకుల్.

అమ్మ ఏ దరఖాస్తూ పెట్టలేదు.

… … …

ఆ కవర్లోనే దరఖాస్తు నకలు పెట్టారు, దాని మీద సంతకం ఉంది. అమ్మదే. ఎలా వచ్చిందో అడిగాను. 'బ్రేక్‌లో ఉంటే కార్ పార్కులోకి వచ్చారు, బానెట్ మీద పెట్టి, ఇక్కడొకటి, ఇక్కడొకటి అన్నారు, పెట్టాను' అంది. 'చదవలేదా అమ్మా?' అన్నాను. 'సంఘ పెద్ద ఇచ్చిన కాయితం ఆయన ముందు నిలబడి చదువుతామా?' అంది.

అమ్మకి ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చండీ. మందుల చార్టు తప్పు రాస్తే డాక్టర్నే ఆపుతుంది. మీ కాయితం చదివితే మిమ్మల్ని నమ్మనట్టు ఉంటుందని చదవలేదు. అంతే…

అరవకండి. మీరు అరిస్తే నాకు అక్షరాలు కనపడవు.

డైరీ అండీ. అవును, రాస్తాను. రోజూ…

గూఢచారినా? … కాదు అంకుల్. అలవాటు. మా ఊరి బళ్ళో నేను క్లాసు లీడర్ని, హాజరు పట్టీ నా చేతిలో ఉండేది. ఒకసారి నా స్నేహితురాలు రాకపోయినా వచ్చినట్టు వేశాను. వెంకటసుబ్బారావు మాస్టారు కొట్టలేదు, తిట్టలేదు. సాయంత్రం దాకా ఆ ఖాళీ చోటు పక్కన నన్ను కూచోబెట్టి, 'వచ్చిందన్నావుగా, మాట్లాడు దాంతో' అన్నారు… నవ్వండి. అందరూ నవ్వారు. అప్పట్నించీ నేను రానివాళ్ళకి హాజరు వెయ్యను.

అమ్మ ఆ రోజు రాలేదు.

… … …

అవునండీ, పల్లెటూరి బడే. ఇక్కడికొచ్చి రెండేళ్ళే. ఇంగ్లీషు కాలేజీలో నాలుగు ముక్కలు నేర్చుకుని ప్లీడరునైపోలేదు… ఏంటండీ? … బొడ్డూడని దాన్నే. సరే. బొడ్డూడని దాన్నే అడుగుతున్నాను. ఈరోజే మీరు ఆ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. ఇల్లు నాది, పని నేనే చేయించాను అని మీ పేరుతో రాసి ఇవ్వండి. ఉత్తరం నేనే రాసి తెచ్చాను, ఒక పేజీ. సంతకం పెడితే చాలు…

అమ్మ అద్దెకుంటున్న మనిషి అంకుల్. అద్దెకున్నవాళ్ళు ఇంటికి కిటికీలు మారుస్తారా?

ఎవరు నమ్ముతారు అంటే… వాళ్ళు నమ్మారుగా. అందుకేగా వాంగ్మూలానికి వస్తున్నారు.

లేదు. నేను కంప్లైంట్ చెయ్యలేదు.

చెయ్యలేదండీ! ఎవరూ చెయ్యక్కర్లేదు. మా సందులో పదకొండు ఇళ్ళు. పది ఇళ్ళకి పాత చెక్క కిటికీలు. మా ఒక్కదానికే ఈ చివర నుంచి ఆ చివరకి కనపడేట్టు తెల్లటి ప్లాస్టిక్‌వి. ముసలాయన కొత్త పళ్ళ సెట్టు పెట్టుకుని నవ్వుతున్నట్టు ఉంటుంది. కౌన్సిల్ ఆవిడ పక్క వీధిలో పనుండి కారులో వెళ్తూ చూసిందట. ఆగిందట. అంతే.

… … …

తెలియక చేశారా?

అంకుల్… మెట్ల కింద అల్మరాలో మీ పాత ఫైలు ఉంది. ఇల్లు కొన్నప్పుడు మీ లాయరు రాసిన ఉత్తరం అందులోనే ఉంది. ఇది లిస్టెడ్ ఇల్లు, కిటికీలు, తలుపులు, పైకప్పు ఏది మార్చాలన్నా ముందు అనుమతి కావాలి అని. దాని కింద గీత గీశారు. ఆకుపచ్చ పెన్నుతో… నేను గీయలేదండీ, నా దగ్గర ఆకుపచ్చ పెన్ను లేదు.

దొంగతనం కాదు. వ్యాక్యూమ్ క్లీనర్ తియ్యబోతే కింద పడింది.

… … …

పుచ్చిపోయాయంటారా? రెండు పుచ్చిపోయాయి. వంటింటిదీ, మెట్ల దగ్గరదీ. మిగతా ఐదూ బావున్నాయి. ఎడ్విన్ అన్న గడ్డపారతో పీకుతుంటే రాక, 'ఇది కిటికీయా, కోట గుమ్మమా' అని వేళాకోళం చేశాడు. మీరే అన్నారు, 'పాతకాలం చెక్కరా, ఇనుము' అని. అచ్యుత్ ఆగి అడిగాడు కూడా, 'అంకుల్, ఇలాంటి ఇళ్ళకి పర్మిషన్ కావాలేమో' అని. ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు కదా. మీరేమన్నారో గుర్తుందా? … 'ముందు చేసెయ్యాలి, తరవాత అడగాలి, ఈ దేశంలో అదే పద్ధతి' అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ పాతవి ఏమయ్యాయని రేపు అడుగుతారు. ఉత్తరంలో ఉంది. పాత కిటికీలు ఉంటే చూపించండి, వాటిని చూసి అలాంటివే మళ్ళీ చేయించుకోవచ్చు అని. ఏం చెప్పమంటారు?

చెత్తలో పడేశామనా?

మనం వాటి మీద బిర్యానీ వండుకున్నాం అంకుల్.

… … …

నేను కావాలని అనట్లేదు. జరిగిందే అంటున్నాను. ఇంటి పని చేసినవాళ్ళకి ఆ ఇంటి పాత చెక్కతోనే వండి పెట్టాలి, మన వైపు అదే ఆనవాయితీ అన్నారు మీరు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టించారు. ఆంటీ దేగిసా తెచ్చారు, సంఘం విందులకి వాడేది. రంగున్న చెక్క వద్దురా, పొగ వాసనొస్తుంది అంటే, ఎడ్విన్ అన్న కత్తితో రంగు గీకి మరీ పెట్టాడు. అద్దాలు ముందే పగలగొట్టి బకెట్‌లో పోశారు. ఆ అద్దాల్లోంచి చూస్తే బయట గొర్రెలు నీళ్ళల్లో ఉన్నట్టు ఊగేవి… ఏం లేదులెండి. మీకెందుకు.

అవును, పెట్టాను. రెండు చెక్కలు పొయ్యిలోకి నేనే తోశాను. తిన్నాను కూడా. అది కూడా రాశాను, నా పేరు కూడా ఉంది…

శిక్ష వేస్తే వెయ్యనివ్వండి. నాకు వేస్తే నాకు. అమ్మకి మాత్రం కాదు. ఆ పొగ కూడా అమ్మ చూడలేదు.

… … …

ఏం కాదా?

ఏం కాదని మీకెలా తెలుసు?

'పాపం విదేశీ నర్సు, తెలియక చేసింది, ఒంటరి ఆడమనిషి' అని వదిలేస్తారా… మీకైతే మూడిళ్ళు ఉన్నాయి కాబట్టి గట్టిగా పట్టుకుంటారు. అంతేనా? అంటే అమ్మ బీదదని అమ్మని ముందు పెట్టారన్నమాట.

నేను పెడర్థం తియ్యట్లేదు. మీరన్నదే తిరిగి అన్నాను.

మరి ఐఎల్ఆర్ సంగతి? … తెలుసు కదా మీకు? ఆగస్టులో అమ్మకి ఐదేళ్ళు నిండుతాయి. పర్మనెంట్ వీసాకి కాయితాలు పెట్టాలి. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది, మీ మీద ఈ దేశంలో ఏదైనా నేరం రుజువైందా అని. ఆ ఫారం అమ్మకి ఇచ్చిందే మీరు. పోయిన నెల మా సోఫాలో కూచుని, ఒక్కో ప్రశ్న చదివి చెప్పారు. ఆ ప్రశ్న దగ్గరికొచ్చి, 'దీనికేముంది రోజమ్మా, కాదు అని కొట్టెయ్' అన్నారు. అప్పటికే ఆ దరఖాస్తు మీద అమ్మ సంతకం మీ కారులో ఉంది.

… … …

హలో? … ఉన్నారా?

తేదీలు సరిపోయాయండీ. రెండూ రాసి ఉన్నాయి.

… … …

అది ఒప్పుకుంటాను. ఉద్యోగం చూపించింది మీరే. కాదనను. ఎయిర్‌పోర్టుకి నన్ను తీసుకురావడానికి వచ్చింది కూడా మీరే. చలికోటు మీ కారు డిక్కీలో తెచ్చారు, ఆంటీది. అది ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇప్పుడు కూడా ఒంటిమీద అదే ఉంది… అందుకేనండీ నాలుగు రోజులుగా ఈ ఫోన్ చెయ్యలేకపోయింది. లేకపోతే శుక్రవారమే చేసేదాన్ని.

అంటే శుక్రవారం నుంచి మూడే. అవును. మూడు రోజులు. సరిచేసినందుకు థాంక్సండీ.

ఇవాళ ఆరాధనలో చూశాను మిమ్మల్ని. కానుకల పెట్టె పట్టుకుని మా వరస దగ్గరికి కూడా వచ్చారు. అప్పుడే అడగొచ్చు. అడగలేదు. అందరూ ఉన్నారు, మీ పరువు… ఏంటి? నోరు రాలేదా? సరే, అదీ నిజమే. నాకు నోరు రాదు. కౌన్సిల్ ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు కూడా రాలేదు. జూన్‌లో. ఆవిడ అమ్మని, 'ఇవి ఎవరు మార్చారు?' అంది. అమ్మ, 'ఓనర్ గారికి ఫోన్ చేసి చెప్తాను' అంది. నేను మెట్ల మీద కూచుని ఉన్నాను. నాకు అన్నీ తెలుసు. ఒక్క ముక్క మాట్లాడలేదు. మీరు చూసుకుంటారు అనుకున్నాను. మీరు ఇలా చూసుకున్నారు.

… … …

పెద్దల్ని గౌరవించాలన్న ఆజ్ఞ నాకూ తెలుసు అంకుల్. సండే స్కూల్లో ఆంటీయే చెప్పారు. అందులో తల్లి కూడా ఉంది.

… … …

ఇంకోటి మర్చిపోయాను. దరఖాస్తులో ఎందుకు మార్చారు అన్నచోట మీరు రాసింది. 'మా అమ్మాయికి ఉబ్బసం, పాత కిటికీల్లోంచి చలిగాలి వచ్చి ఊపిరాడట్లేదు.' … నాకు ఉబ్బసం లేదండీ. ఎప్పుడూ లేదు. మా ఊళ్ళో వరికోతలప్పుడు ఆ దుమ్ములో కూడా నాకు తుమ్ము రాలేదు. రేపు ఆవిడ నన్ను చూసి, 'ఇప్పుడెలా ఉంది తల్లీ' అంటే నేను దగ్గాలా?

జోకు కాదు.

అమ్మకి ఫోన్ చేసి నేర్పించారట కదా. నిన్న రాత్రి వంటింట్లో అట్లు పోస్తూ తనలో తను అనుకుంటోంది. 'మై డాటర్ ఈజ్ వెరీ చెస్టీ, మై డాటర్ ఈజ్ వెరీ చెస్టీ' అని. నాకు ఛాతీ జబ్బని, పరీక్షకి చదువుకున్నట్టు. చూళ్ళేక పైకెళ్ళిపోయాను. అమ్మ ఎప్పుడూ అబద్ధం ఆడలేదండీ. తనకి రాదు. అట్టు మాడిపోయింది.

… … …

ఖాళీ చేయమంటే చేస్తాం.

చేస్తామండీ. నర్సింగ్ హోమ్ వెనక స్టాఫ్ గదులున్నాయి. ఒక గది అడిగితే ఇస్తారట. చిన్నదే… లేదు, అమ్మకి ఇంకా చెప్పలేదు. మేట్రన్‌ని నేనే అడిగాను. ఆవిణ్ణి అడగడానికి ఆ కారిడార్‌లో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో మీకు తెలీదు.

సంఘంలోంచి వెలివేయిస్తారా? … ఏ కారణం చెప్తారు? 'రోజమ్మ కిటికీలు మార్చలేదు కాబట్టి' అనా?

… … …

అమ్మకి తెలీదు. తెలిస్తే రానివ్వదు. ఇప్పుడు డ్యూటీలో ఉంది. 'అంకుల్‌తో అలా మాట్లాడతావా' అని ఏడుస్తుంది కూడా. ఏడవనివ్వండి, నేను పడతాను.

ఎక్కడికి రానివ్వదా? … ఇక్కడికి.

మీరే అన్నారు కదా ఇప్పుడు, 'ఇవన్నీ ఫోన్లో మాట్లాడేవి కాదు, ఇంటికి రా, కూచుని మాట్లాడుకుందాం' అని. వచ్చాను అంకుల్. ఒంటిగంట బస్సుకి. షెఫీల్డ్‌లో దిగి ఇంకో బస్సు మారాను. మీ గుమ్మం ముందే ఉన్నాను. ఇందాక బెల్లు కొట్టింది నేనే. పై కిటికీలో కర్టెన్ కదిలింది, కానీ ఎవరూ రాలేదు. అందుకే ఫోన్ చేశాను…

చూడండి. పైనుంచి చూస్తే కనపడతాను. ఆంటీ గోధుమరంగు కోటు… ఆ. అదే. నేనే.

… … …

వెళ్ళను. సంతకం పెట్టండి, వెళ్తాను. పెన్ను కూడా తెచ్చాను.

పక్కింటివాళ్ళు చూస్తున్నారా? … నేను గట్టిగా మాట్లాడట్లేదండీ. నాకు గట్టిగా మాట్లాడ్డం రాదు. చూడనివ్వండి, కోటేసుకుని నిలబడిన అమ్మాయిని చూస్తారు, అంతే కదా.

పోలీసుల్ని పిలుస్తారా? పిలవండి. వాళ్ళక్కూడా ఇదే చదువుతాను.

… … … తాళం చప్పుడు. ఎవరో వస్తున్నారు.

వందనాలు ఆంటీ.

లేదాంటీ, లోపలికి వద్దు. చెప్పులు తడిగా ఉన్నాయి. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను… అంకుల్ ఫోన్లోనే ఉన్నారు, పైన. వింటున్నారు. వినాలి కూడా. అంకుల్, కట్ చెయ్యకండి…

ఆంటీ, మే నెలలో, కిటికీలు పెట్టిన రోజు, అమ్మ ఇంట్లో ఉందా?

… … …

మీరు భయపడకండి. ఎక్కడా సంతకం అక్కర్లేదు. ఉందా, లేదా, అంతే. మీరే కదా బిర్యానీ చల్లారకుండా స్టీలు డబ్బాలో పెట్టి, పైన తువ్వాలు చుట్టి, 'మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చాక పెట్టు, ముక్కలు అడుగున ఉన్నాయి' అన్నారు. ఇంట్లో ఉన్న మనిషికి డబ్బా కడతామా ఆంటీ?

… … …

ఏడవకండి ఆంటీ. నేను మిమ్మల్ని ఏడిపించడానికి రాలేదు…

ఏంటండీ? … వినపడలేదు, ఇంకొంచెం గట్టిగా…

'లేదమ్మా.'

విన్నారా అంకుల్? ఆంటీ చెప్పారు. 'రోజమ్మ లేదమ్మా' అన్నారు. నేను చెప్పించలేదు. మీ ఇంట్లోనే, మీ గుమ్మంలోనే.

… దిగొస్తున్నారా. మెట్ల మీద మీ కాళ్ళు కనపడుతున్నాయి. రండి. ఉత్తరం ఇదిగో, ఇక్కడ సంతకం చెయ్యాలి…

చింపకండి. చింపినా పర్లేదు, ఇంకోటి ఉంది.

ఆంటీ భుజం వదలండి అంకుల్. ఆవిడ తప్పేముంది? నేనడిగాను, ఆవిడ చెప్పింది. ఆంటీ, మీరు లోపలికి వెళ్ళండి… నన్ను చూడకండి, వెళ్ళండి…

తలుపు వేస్తున్నారా… వెయ్యండి. నేను కాలు అడ్డం పెట్టను. వేసుకోండి.

… … …

వేసేశారు.

హలో? … తలుపు మూశారు గానీ ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది అంకుల్. మీ ఊపిరి వినపడుతోంది. తలుపవతలే ఉన్నారు కదా. అద్దంలోంచి నీడ కూడా తెలుస్తోంది.

అయితే ఇది కూడా వినండి. రేపు పదకొండింటికి అమ్మ మాట్లాడదు. అమ్మ పక్కన నేను కూచుంటాను. ఆవిడ అడిగింది ప్రతిదీ నేనే చెప్తాను. నా ఇంగ్లీషు తడబడుతుంది, మధ్యలో ఆగిపోతాను. ఆగితే ఆగుతాను. ఆవిడకి తొందరేమీ ఉండదు, మళ్ళీ మొదలుపెడతాను…

మీరు కూడా రండి. పదకొండు లోపు. వచ్చి మీరే చెప్తే నేను నోరెత్తను, ఒట్టు…

అంకుల్?

… … …

హలో?